చలికొండల్లో భాంగ్ పంట: దరఖాస్తు నుంచి విత్తనం అమ్ముకునే దాకా నా అనుభవం

2022 నవంబరులో కాగితాలు కూడదీసుకోవడం మొదలుపెట్టిన మేము, 2025 ఫిబ్రవరిలో మా మెట్ల చేలలో పండిన భాంగ్ (గంజాయి మొక్క) విత్తనాన్ని రసీదుతో సహా అమ్ముకోగలిగాం. ఈ మధ్య కాలంలో ఏం జరిగిందో, ఎక్కడ ఎన్నాళ్లు ఆగవలసి వచ్చిందో, దేనికి ఎంత ఖర్చయిందో వరసగా రాస్తున్నాను. ఈ పంట గురించి నన్ను అడిగినవాళ్లలో చాలామంది లైసెన్సు దొరకడమే కష్టమనీ, అది చేతికి వస్తే తరువాతి పని సాఫీగా సాగిపోతుందనీ అనుకుంటున్నారు. నా అనుభవంలో లైసెన్సే సులువైన భాగం. అసలు చిక్కు విత్తనం దగ్గర ఉంది. ఈ చలికీ ఈ ఎత్తుకూ తట్టుకునే విత్తనం మొక్కలోని మత్తు పదార్థానికి చట్టం పెట్టిన హద్దులో ఇమడదు, హద్దులో ఇమిడే విత్తనం ఈ కొండ మీద బతికి బట్టకట్టదు. రెండు పంటకాలాలు మేము ఈ రెండింటి మధ్యే నలిగాం.

మా అత్తవారి ఊరు ఉత్తరాఖండ్‌లోని అల్మోడా జిల్లాలో, సముద్రమట్టానికి దాదాపు 2,000 మీటర్ల ఎత్తున ఉంది. భూమి మా అత్తగారి పేరు మీద ఉంది కాబట్టి దరఖాస్తు కూడా ఆవిడ పేరు మీదే పెట్టాం. కుమావూ ఇళ్లలో తల్లిని ఇజా అని పిలుస్తారు, నేనూ అలాగే పిలుస్తాను. అడవి పందులూ కోతులూ మడువా (రాగి) చేలనూ బంగాళాదుంప మడులనూ ఏటా నాశనం చేయడంతో ఊళ్లో సగం మెట్లు బీడుపడ్డాయి. భాంగ్ మొక్కను మాత్రం ఆ రెండూ ముట్టవు. గొడ్ల పాక వెనకాల దానంతటదే మొలిచే మొక్కల గింజలను ఇజా ఏళ్లుగా ఒక చెక్క డబ్బాలో దాచుకుంటున్నారు. వాటిని వేయించి, నిమ్మరసం పోసి నూరే పచ్చడి ఇక్కడ చలికాలంలో ప్రతి ఇంటా ఉంటుంది. కాడల నారతో పశువులను కట్టే తాళ్లు పేనడం కూడా ఆవిడ చేతికి అలవాటైన పనే. ఆ బీడు మెట్లలో దీన్నే పంటగా వేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన మాకు అక్కడే పుట్టింది.

ఈ సాగుకు అనుమతి ఇచ్చేది నార కోసం, విత్తనం కోసం మాత్రమే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 14వ సెక్షన్ ఇందుకు దారి ఇచ్చింది, 2018లో వాణిజ్య సాగుకు లైసెన్సు ఇచ్చిన మొదటి రాష్ట్రం ఉత్తరాఖండ్. అనుమతి లేకుండా ఒక్క మొక్క పెంచినా అదే చట్టంలోని 20వ సెక్షన్ కింద పదేళ్ల దాకా జైలు పడవచ్చు. గుంటూరులో ఉన్న మా నాన్నగారికి ఫోనులో ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "అమ్మా, ప్రతి కాగితానికీ రెండు నకళ్లు తీయించి, ఒకటి నాకు పంపు" అని మాత్రం అన్నారు. ఆ మాట నాకు ఇచ్చిన ధైర్యం అంతా ఇంతా కాదు.

కాగితాల్లో ముందుగా కావలసినవి ఖసరా, ఖతౌనీ, అంటే భూమి సర్వే వివరమూ హక్కుల పత్రమూ. వాటితో పాటు సాగు చేయబోయే మెట్లను గుర్తించిన పటం, పంటను ఎక్కడ నిలవ చేస్తామో తెలిపే అఫిడవిట్, ఎవరికి అమ్మబోతున్నామో చూపే ఒప్పందం, సత్ప్రవర్తన ధ్రువపత్రం సమకూర్చుకున్నాం. ఈ చివరిదానికే ఎక్కువ ఆలస్యమైంది. ఇక్కడి కొండ ఊళ్లలో చాలాకాలం పట్వారీయే రెవెన్యూ ఉద్యోగిగానూ పోలీసు అధికారిగానూ పనిచేసేవారు. మా పట్వారీకి అప్పట్లో మరో ప్రాంతం బాధ్యత కూడా ఉండడంతో, డిసెంబరు మంచులో ఆయన కోసం ఎదురుచూస్తూ దాదాపు రెండు నెలలు గడిచిపోయాయి. మా మామగారు పోయాక భూమి ఇజా పేరుకు మారిన వివరం పాత ఖతౌనీలో ఒక అక్షరం తేడాతో పడి ఉంది, దాన్ని సరిచేయించడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. దరఖాస్తు పెట్టాలనుకునేవాళ్లు ముందు తమ ఖతౌనీలోని పేరునూ ఆధార్ కార్డులోని పేరునూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం మంచిది.

2023 జనవరి చివర్లో దరఖాస్తు జిల్లా కలెక్టరు కార్యాలయానికి చేరింది. అక్కడి నుంచి ఎక్సైజు విభాగానికి వెళ్లి, మార్చిలో రెవెన్యూ, ఎక్సైజు, వ్యవసాయ శాఖల వాళ్లు కలిసి చేను చూడడానికి వచ్చారు. వాళ్లు ఎక్కువసేపు చూసింది చేను కాదు, గింజలూ కాడలూ దాచే గదినీ దాని తాళాన్నీ. కిటికీకి ఇనుప చువ్వలు పెట్టించమన్నారు. ఏప్రిల్ మధ్యలో లైసెన్సు చేతికొచ్చింది. మా 20 నాలీల భూమికి, అంటే హెక్టారులో అయిదింట రెండు వంతులకు కట్టిన రుసుము 500 రూపాయలు కూడా దాటలేదు. నోటరీ, పటం, చువ్వలు, జిల్లా కేంద్రానికి జీపు ఛార్జీలు అన్నీ కలిపి 14,000 రూపాయలయ్యాయి. లైసెన్సు ఆ ఒక్క పంటకాలానికే చెల్లుతుంది. అందులో ఒక వాక్యం కింద గీత గీసి ఉంది: పంటలో టీహెచ్‌సీ, అంటే మత్తు కలిగించే పదార్థం, 0.3 శాతం దాటితే అధికారుల సమక్షంలో ధ్వంసం చేయాలి. ఆ రాత్రి ఇజాకు ఆ వాక్యం చదివి వినిపించాను. "మనం తినేది గింజ, పేనేది నార. ఆకు సంగతి మనకెందుకు?" అని ఆవిడ అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఆనాడు సమాధానం లేదు.

విత్తనం విషయంలో మాకు రెండు దారులు కనిపించాయి. ఒకటి, టీహెచ్‌సీ తక్కువని పత్రం ఉన్న, ఐరోపా రకాల నుంచి వచ్చిన విత్తనం. కిలో 900 రూపాయలు చెప్పారు. రెండోది ఊరి విత్తనం, ఇజా డబ్బాలోదీ, చుట్టుపక్కల ఇళ్లలో అడిగి తెచ్చుకున్నదీ. అయిదు నాలీల్లో పత్రం ఉన్న విత్తనం, మిగిలిన మెట్లలో ఊరి విత్తనం వేద్దామని నిర్ణయించుకుని, రెండింటి వివరమూ లైసెన్సు కాగితాల్లో రాయించాం. ఊరి విత్తనాన్ని కూడా ఏ ఇంటిది ఆ సంచిలోనే ఉంచి, పై మెట్లకు ఒకటి, నడిమి మెట్లకు ఒకటి, దిగువ మెట్లకు ఒకటిగా విడివిడిగా చల్లాం. ఇలా విడదీయడం ఇజా పట్టుదల. విత్తనం కలిపితే దేని గుణం దేనిదో తెలియదన్నది ఆవిడ మాట. తరువాత మమ్మల్ని కాపాడింది ఆ మాటే.

మే మొదటి వారంలో ఒక వాన పడి నేల మెత్తబడ్డాక విత్తాం. నేల కొద్దిగా వెచ్చబడితే చాలు, ఇది చలిలోనూ మొలుస్తుంది. రాత్రి చలి ఇంకా కొరుకుతున్నా పది రోజుల్లో రెండు రకాలూ మొలిచాయి. నార కోసం వేసిన మెట్లలో దగ్గరగా, విత్తనం కోసం వేసిన వాటిలో మొక్కకూ మొక్కకూ మధ్య బారెడు దూరం ఉండేలా ఒత్తు తీశాం. జూన్ నెలాఖరుకు తేడా కళ్లకు కట్టింది. పత్రం ఉన్న రకం మోకాలి ఎత్తుకైనా రాకుండానే పూతకు వచ్చేసింది. ఈ మొక్క పగటి పొడవును బట్టి పూస్తుంది. ఐరోపాలో వేసవి పగలు పదహారు గంటల దాకా సాగుతుంది కాబట్టి అక్కడి రకాలు ఆ వెలుగుకు అలవాటుపడి ఉంటాయి, మా దగ్గర ఏడాదిలో అతి పొడవైన పగలే పద్నాలుగు గంటలు. ఆ మొక్కలకు ఇక్కడి జూన్ నెలే శరత్తులా తోచి ఉండాలి. అంత చిన్న కాడలో నార ఉండదు. గింజ పట్టే వేళకు జూలై ముసురు కమ్ముకుంది, పూగుత్తులు తడిలోనే నాని, బూడిదరంగు బూజు పట్టి కుళ్లిపోయాయి. ఆ అయిదు నాలీల నుంచి మాకు దక్కిన గింజ రెండు దోసిళ్లు కూడా లేదు.

ఊరి విత్తనం మాత్రం వానలో ఆగకుండా పెరిగింది. ఆగస్టు మొదటికి నా తల దాటింది, సెప్టెంబరుకు కొన్ని మెట్లలో పదడుగులు మించింది. పగలు పదమూడు గంటలకు తగ్గే ఆగస్టు మూడో వారం దాకా అది పూత జోలికే పోలేదు. పూత ముదిరి గింజ కట్టే వేళకు వర్షాలు వెనక్కి తగ్గుతాయి, గింజ ఎండే వేళకు కొండ మీద పొడిగాలి మొదలవుతుంది, గడ్డమంచు పడేలోగా కోత అయిపోతుంది. ఎన్ని తరాల చలీ వానా కలిసి ఈ కాలపట్టికను ఆ గింజలో కూర్చాయో తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది. ఏ పరిశోధన క్షేత్రమూ నాలుగేళ్లలో తయారు చేయగల గుణం కాదది.

ఆ ఆనందం సెప్టెంబరు రెండో వారం దాకానే నిలిచింది. పరీక్ష కోసం నమూనాలు తీయడానికి అధికారులు వచ్చారు. నమూనాను మనమే కోసి కొరియరులో పంపడానికి వీల్లేదు, లైసెన్సు దాటి బయటికి వెళితే ఆ పూగుత్తి మాదకద్రవ్యమే. వాళ్లే ఒక్కొక్క మెట్టులో వేర్వేరు చోట్ల ఆడ మొక్కల కొసలు కోసి, కాగితపు సంచుల్లో పెట్టి, సీలు వేసి, ఇజా వేలిముద్రా నా సంతకమూ తీసుకున్నారు. ప్లాస్టిక్ సంచిలో పెడితే దారిలోనే బూజు పడుతుందని వాళ్లలో ఒకరు చెప్పారు. నమూనాకు 3,500 రూపాయల చొప్పున మూడు నమూనాలకు మేమే కట్టాం. ఫలితం రావడానికి ఇరవై మూడు రోజులు పట్టింది. ఆ రోజుల్లో మేము చేనులోకి వెళ్లడమే తగ్గించేశాం. చేతులారా పెంచుకున్నదాన్ని చూస్తే ఆశ పెరుగుతుంది, ఆశ పెరిగితే భయం పెరుగుతుంది.

దిగువ మెట్ల నమూనా 0.24 శాతం, నడిమి మెట్లది 0.71, పై మెట్లది 1.3 అని వచ్చింది. పచ్చి మొక్కలో ఈ పదార్థం ఎక్కువగా ఆమ్ల రూపంలో ఉంటుంది. వేడి తగిలితే అది మారి మత్తు పదార్థమవుతుంది కాబట్టి, ప్రయోగశాల ఆ ఆమ్లాన్ని 0.877తో గుణించి మొత్తంలో కలిపి చూపుతుంది. నివేదికలో రెండు అంకెలు వేర్వేరుగా ఉంటాయి, లెక్కలోకి వచ్చేది ఆ మొత్తం. మొదట చిన్న అంకెనే చూసి మా ఆయన ఊపిరి పీల్చుకోవడం, కింది వరస చదివాక ఆయన ముఖం వాడిపోవడం నేను చూశాను.

అక్టోబరు రెండో వారంలో పై మెట్లనూ నడిమి మెట్లనూ కోసి, గుట్టగా వేసి, పంచనామా రాసి తగలబెట్టారు. వచ్చిన అధికారులు మర్యాదగానే ప్రవర్తించారు, వాళ్ల పని వాళ్లు చేశారు. పచ్చికాడలు కాలడానికి మధ్యాహ్నం నుంచి చీకటి పడే దాకా పట్టింది, పొగ కిందికి దిగి ఊరంతా కమ్ముకుంది. ఇజా ఆ వేళంతా దిగువ మెట్ల గట్టు మీదే కూర్చుని, మిగిలిన మొక్కల వంకే చూస్తూ ఉండిపోయారు. పరిహారం ఏమీ ఉండదు. పంట బీమా సంగతి అడిగితే ఈ పంటకు లేదన్నారు. ఆ రోజు నేను ఇక ఈ పని వద్దనే అనుకున్నాను.

మిగిలిన దిగువ మెట్ల పని మాత్రం ఆగేది కాదు. మగ మొక్కలను పుప్పొడి రాల్చాక సెప్టెంబరులోనే పీకేశాం, వాటి నార సన్నగా, మెత్తగా ఉంటుంది. నీళ్లు ఇంకా వెచ్చగా ఉండడంతో వాటి కాడలు పది పన్నెండు రోజుల్లోనే నాని బెరడు వదిలాయి. ఆడ మొక్కల కాడలు అక్టోబరు చివర్లో నానవేసేసరికి నీళ్లు చల్లబడిపోయి, అదే పనికి మూడు వారాలు దాటింది. నానబెట్టే నీటిని వాగులోకి వదిలితే చేపలు చచ్చిపోతాయి, దిగువ ఊరివాళ్లు తాగే నీరు పాడవుతుంది. అందుకని విడిగా గుంట తవ్వించి, అడుగున టార్పాలిన్ పరిచాం. దానికి 6,000 రూపాయలయ్యాయి, దాని వాసన నెల రోజుల పాటు మా బట్టలను వదలలేదు.

గింజ విషయంలో పక్షులతో పోటీపడవలసి వచ్చింది. పందులూ కోతులూ ముట్టని పంట మీద రామచిలుకలూ పావురాలూ గుంపులుగా వాలాయి. గుత్తి అంతా ఒకేసారి పండదు, పైన పచ్చిగా ఉండగానే కింద ముదిరిన గింజ రాలిపోతుంది. గుత్తిని అరచేతిలో పెట్టి నలిపితే బూడిదా గోధుమా కలిసిన మచ్చల గింజలు సగం దాకా తొక్క విడిచి బయటపడే దశ ఒకటి ఉంది, ఇజా ఆ దశలోనే కోయించారు. నూర్పిడి రోజున జిగురు వేళ్లకు నల్లగా అట్టకట్టింది. అలా చేతికి అంటిన జిగురు చట్టం దృష్టిలో చరసే (గంజాయి జిగురు మత్తుమందు) అని తనిఖీకి వచ్చిన ఉద్యోగి చెప్పినప్పుడు నా గుండె ఝల్లుమంది. ఆ తరువాత చేతి తొడుగులు లేకుండా ఎవరినీ కూర్చోనివ్వలేదు, తొడుగులను పొట్టుతో పాటే కాల్పించాం. తూర్పారబట్టాక మిగిలే పొట్టులో పూరేకులూ కొసలూ ఉంటాయి కాబట్టి అది కూడా గంజాయి కిందికే వస్తుంది. దాన్ని తూచి, రాసి, మళ్లీ అధికారుల ఎదుటే ధ్వంసం చేయాలి. ఆ తేదీ దొరికే దాకా తొమ్మిది రోజులు పొట్టు బస్తాలను తాళం వేసిన గదిలో పెట్టుకుని కాపలా కాశాం.

మొదటి ఏడాది మొత్తం ఖర్చు 61,000 రూపాయలు. చేతికొచ్చిన గింజ 38 కిలోలు, అదీ అమ్మలేదు. విత్తనానికి అట్టిపెట్టాం.

ఆ చలికాలమంతా ఇంట్లో ఒకటే చర్చ. దిగువ మెట్ల విత్తనం ఊరి చివర ఒంటరిగా ఉన్న ఒక ఇంటి నుంచి వచ్చింది. ఆ ఇంటివాళ్లు తరతరాలుగా నార కోసం, పచ్చడి కోసం మాత్రమే గింజ దాచుకున్నారు. సాంబ్రాణిలా ఘాటుగా వాసన వేసే, జిగురెక్కువ మొక్కల గింజను వాళ్ల అవ్వ పక్కన పారబోసేదట. ఏ పరీక్షా లేకుండా ఆ అవ్వ చేసిన ఎంపికే మా పంటను ఒడ్డున పడేసిందని నా నమ్మకం. మొక్కలో టీహెచ్‌సీ, మత్తు కలిగించని సీబీడీ రెండూ ఒకే మూలపదార్థం నుంచి తయారవుతాయి. ఏది ఎక్కువ కావాలో చాలావరకు వారసత్వమే నిర్ణయిస్తుంది. అంటే ఏ తల్లి మొక్క ఎలాంటిదో తెలుసుకుని గింజ దాచుకుంటే గుణం నిలబడుతుంది. దేహ్రాదూన్ దగ్గర సేలాకుయీలోని సగంధ పౌధా కేంద్రంలో (సుగంధ మొక్కల కేంద్రం) ఈ పంట మీద పని జరుగుతోందని తెలిసి వెళ్లాం. తల్లి మొక్కలకు నంబర్లు కట్టడం, ఒక్కొక్క దాని గింజను వేరే పొట్లంలో దాచడం ఎలాగో అక్కడి మాటల్లో స్పష్టమైంది.

రెండో ఏటి దరఖాస్తు 2023 డిసెంబరులోనే ఇచ్చాం. పాత పంచనామా జతచేయడం వల్ల అనుమానిస్తారేమోనని భయపడ్డాను గానీ, నియమం పాటించినట్టు అదే రుజువైంది, మార్చి చివరికే లైసెన్సు వచ్చింది. ఈసారి దిగువ మెట్ల విత్తనం తప్ప మరేదీ వేయలేదు. కాని పుప్పొడి గాలిలో కిలోమీటర్ల కొద్దీ ప్రయాణిస్తుంది, ఊరి దారుల వెంట, పాడుబడ్డ ఇళ్ల చుట్టూ భాంగ్ దానంతటదే మొలిచి ఉంది. దాని పుప్పొడి మా ఆడ మొక్కల మీద పడితే మరుసటి ఏటి విత్తనం మళ్లీ పాత దారి పడుతుంది. మహిళా మంగళ్ దళ్ అనే ఊరి ఆడవాళ్ల సంఘం సమావేశంలో ఇజా లేచి ఈ సంగతి చెప్పారు. జూలై నుంచి పూతకు ముందే ఆ మొక్కలను పీకే పనికి వంతులు వేసుకున్నారు. "బ్వారీ (కోడలా), నీ కాగితాల్లో ఈ ఆడవాళ్ల పేర్లు కూడా రాయి" అని ఇజా నాతో అన్నారు. పట్వారీకి ముందుగా తెలిపి, పీకినవాటిని ఆయన ఎదుటే పూడ్పించాం. లేకపోతే ఆ మోపులు మోసినవాళ్లే చిక్కుల్లో పడేవారు.

ఇంకో మార్పు కూడా చేశాం. అధికారిక నమూనా దాకా ఆగకుండా, పూత మొదలైన పది రోజులకే అనుమతి తీసుకుని ముందస్తు పరీక్ష చేయించాం. 0.15 శాతం వచ్చింది. మొక్క ముదిరే కొద్దీ అంకె పెరుగుతుంది కాబట్టి దాన్ని చూసి సంబరపడలేదు. కాని గడువు ఎంత ఉందో తెలిసింది, చుట్టుపక్కల వాటికంటే జిగురు ఎక్కువగా కనిపించిన మొక్కలను ఏరి పీకేయడానికి వేళ దొరికింది. సెప్టెంబరు చివర్లో వచ్చిన అధికారిక ఫలితం 0.27. హద్దుకు అంత దగ్గరగా ఉన్న అంకెను చూసి ఆ రోజు ఇంట్లో అందరం ఏడ్చాం, అది ఆనందమో అలసటో చెప్పలేను.

అమ్మకం ఇంత ఆలస్యమవుతుందని ఎవరూ చెప్పలేదు. నవంబరు మొదటికి గింజ ఎండిపోయి సిద్ధంగా ఉంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2021 నవంబరులో భాంగ్ గింజనూ, దాని నూనెనూ, పిండినీ ఆహారంగా అనుమతించింది, కాని గింజలో టీహెచ్‌సీ కిలోకు 5 మిల్లీగ్రాములు మించకూడదని హద్దు పెట్టింది. గింజ లోపల ఆ పదార్థం దాదాపు ఉండదు, నూర్పిడిలో పైపొట్టు జిగురు అంటుకోవడం వల్లనే అంకె పెరుగుతుంది. మా మొదటి నమూనా 7 చూపింది. గింజను మళ్లీ జల్లెడ పట్టి, తడిబట్టతో రుద్ది, నీడన ఆరబెట్టి రెండోసారి పంపితే 2.6కు దిగింది. ఈ తిరుగుడుకే డిసెంబరు, జనవరి నెలలు కరిగిపోయాయి. రవాణాకు లైసెన్సు నకలూ, పరీక్ష నివేదికా, అనుమతి పత్రమూ వెంట ఉంచుకున్నా హల్ద్వానీ దారిలో ఒక తనిఖీ చోట బస్తాలన్నీ దింపించి చూశారు. నాన్నగారికి పంపిన నకళ్ల ఫోటోలు ఫోనులో ఉండడం అక్కడ పనికొచ్చింది. అసలు కాగితాల్లో ఒకటి వానకు తడిసి సిరా అలుక్కుపోయింది మరి.

210 కిలోల గింజలో 40 కిలోలు విత్తనానికి అట్టిపెట్టి, మిగిలినది కిలో 190 రూపాయల చొప్పున అమ్మాం. నార 70 కిలోలు వచ్చింది. ఇజా, మరో నలుగురు ఆడవాళ్లు చలిమంట చుట్టూ కూర్చుని ఒలిచి, కొట్టి, దువ్విన నార అది. కిలోకు 260 రూపాయలు పలికింది. రెండో ఏటి ఖర్చు 43,000 రూపాయలు పోను చేతిలో మిగిలింది దాదాపు 7,500. మొదటి ఏటి నష్టం అలాగే ఉంది. ఇందులో లాభం చూసుకుని రావాలనుకునేవాళ్లకు ఈ అంకెలు తెలియడం అవసరమని దాచకుండా రాశాను. బీడుపడ్డ మెట్లు మళ్లీ సాగులోకి వచ్చాయి, ఎరువు మాత్రం గొడ్ల పాకదే, పురుగుమందు చుక్క కూడా వాడలేదు. వీటికి నా లెక్కలో విలువ ఉంది.

మూడో ఏటి దరఖాస్తు ఇప్పుడు కలెక్టరు కార్యాలయంలో ఉంది. ఈసారి నంబర్లు కట్టిన పన్నెండు తల్లి మొక్కల గింజలను విడివిడి వరసల్లో వేయబోతున్నాం. విత్తనం కావాలని కొందరు అడుగుతున్నారు. జిల్లా దాటి విత్తనం ఇవ్వాలంటే దానికీ అనుమతి కావాలి, అది రానిదే గుప్పెడు గింజలైనా ఇవ్వలేను. మీ ఊరు ఇంత ఎత్తున, ఇదే చలిలో ఉంటే ముందు మీ చుట్టుపక్కల ఇళ్లలో పచ్చడికీ నారకూ గింజ దాచుకునే ముసలివాళ్లను అడగండి, ఏ ఇంటి గింజను ఆ సంచిలోనే ఉంచండి. కాగితాల పని దీపావళి అయిన వెంటనే మొదలుపెడితేనే మే నెల వానకు విత్తుకోగలరు.